ఎడమ ఇండికేటర్ ఎందుకు తొందరపడుతోంది?

పోయిన మాఘమాసంలో మహబూబ్‌నగర్‌లో ఒక పెళ్లికి మిర్యాలగూడ నుంచి మా బావ కారులో బయలుదేరాం. హాలియా, మల్లేపల్లి దాటి కల్వకుర్తి చేరాక టీకి ఆపుదామని బావ ఎడమ ఇండికేటర్ వేశాడు. ఎప్పుడూ 'టక్... టక్...' అని నింపాదిగా కొట్టుకునే చప్పుడు 'టకటకటకటక' అని పరుగందుకుంది. కుడివైపు వేస్తే మామూలే. మళ్లీ ఎడమకు వేస్తే మళ్లీ పరుగే.

“రిలే మళ్ల పోయినట్టున్నది బామ్మర్ది. పదిరోజులు గూడ గాలే కొత్తది ఏయించి” అన్నాడు.

దిగి చూశాను. ముందు బల్బు వెలుగుతోంది. ఫెండర్ మీది చిన్న బల్బు వెలుగుతోంది. వెనకదీ వెలుగుతోంది. బల్బు పోతే ఇండికేటర్ వేగంగా కొట్టుకుంటుందని కారు నడిపే వాళ్లలో చాలామందికి తెలుసు. ఇక్కడ మూడూ వెలుగుతున్నాయి, అయినా తొందర తగ్గలేదు. బల్బులు బాగుంటే ఇక మిగిలింది వాటిని వెలిగించి ఆర్పే రిలేనే కదా అని బావ లెక్క. పదిరోజుల కింద టౌన్లో షాపు వాళ్లు వేసిందీ ఇదే లెక్క.

ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ముందు ఆ టకటక ఎక్కడ పుడుతుందో చూడాలి.

కరెంటు పోయే దారి, వచ్చే దారి

ఇండికేటర్‌కు కరెంటు వెళ్లే దారి మరీ పొడవైనదేం కాదు. బ్యాటరీ, ఫ్యూజు, తాళంచెవి తిప్పే ఇగ్నిషన్ స్విచ్, ఫ్లాషర్ రిలే, స్టీరింగ్ పక్కన కాడ ఉండే కాంబినేషన్ స్విచ్, అక్కణ్నుంచి ఎడమకూ కుడికీ చీలిన వైర్లు, చివర బల్బులు. సాగర్ ఎడమ కాలువ కింద వారబందీ పెట్టి నీళ్లు కొన్నాళ్లు వదిలి, కొన్నాళ్లు ఆపినట్టు ఫ్లాషర్ కూడా కరెంటును అర సెకను లోపు వదిలి, అర సెకను లోపు ఆపుతుంది. ఏ వైపు తూము తెరవాలో కాడ చెబుతుంది, అంతే.

ఈ పోలిక ఇక్కడి వరకే పనికొస్తుంది. నీళ్లకు పొలం చేరితే చాలు, కరెంటుకు మళ్లీ బ్యాటరీ మైనస్ దాకా తిరిగొచ్చే దారి కూడా కావాలి. కారులో ఆ తిరుగుదారికి వైరును చివరిదాకా లాగరు. బల్బు హోల్డర్ నుంచి ఒక చిన్న వైరు, ఎక్కువగా నల్లది, తీసి దగ్గర్లోని బాడీ రేకుకు బోల్టు వేసి బిగిస్తారు. అక్కణ్నుంచి కారు ఒళ్లంతా వైరే. మనం ఎర్త్ అనేది దాన్నే. ఇండికేటర్ రిపేరుకు దిగిన వాళ్లలో చాలామంది బల్బు దాకా వెళ్లి ఆగిపోతారు. అప్పటికి చూసింది సగం దారే.

ఇక ఫ్లాషర్ సంగతి. పాత బండ్లలో దాని లోపల రెండు లోహాలు అతికిన పట్టీ ఒకటి ఉండేది. కరెంటు పోతుంటే పట్టీ వేడెక్కి వంగి సర్క్యూట్ తెగేది, చల్లారాక యథాస్థానానికి వచ్చి మళ్లీ కలిసేది. వేడెక్కడం, చల్లారడమే దాని గడియారం. అందుకే ఆ బండ్లలో ఒక బల్బు మాడితే కరెంటు తగ్గి, పట్టీకి చాలినంత వేడి అందక, ఇండికేటర్ బాగా నెమ్మదించేది. లేదా మిగిలిన బల్బు కొట్టుకోవడం మానేసి వెలుగుతూ ఉండిపోయేది. తరవాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తీరు దీనికి తలకిందులు. అందులో చిన్న చిప్ ఉంటుంది. కాలం లెక్కపెట్టేదీ అదే, తన గుండా పోయే కరెంటును కొలిచేదీ అదే. కరెంటు ఒక హద్దు కన్నా తగ్గితే వేగాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. అంటే ఆ పరుగు ఫ్లాషర్ జబ్బు కాదు, ఫ్లాషర్ మనకు చేస్తున్న ఫిర్యాదు.

మామూలుగా ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టుకోవాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 80, 90 దగ్గర వస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. 150 దాటిందంటే ఫ్లాషర్ ఏదో చెప్పాలని చూస్తోంది. దానికి తెలిసిన మాట ఒక్కటే: “ఈ వైపు పోవాల్సినంత కరెంటు పోవడం లేదు.” బల్బు మాడిందని అది చెప్పదు. బల్బు మాడటం ఆ మాటకు ఉన్న కారణాల్లో ఒకటి, అంతే.

వాట్ల లెక్క

ఎల్‌ఈడీలు రాని కార్లలో ముందు, వెనక ఇండికేటర్ బల్బులు మామూలుగా 12 వోల్టులు, 21 వాట్లవి. పక్కనుండే చిన్నది 5 వాట్లది. ఒకవైపు మొత్తం 47 వాట్లు. 12తో భాగిస్తే సుమారు 3.9 ఆంపియర్లు. పెద్ద బల్బు ఒకటి మాడితే మిగిలేది 26 వాట్లు, అంటే 2.2 ఆంపియర్లు. ఈ తేడాను ఫ్లాషర్ ఇట్టే పట్టేస్తుంది. కానీ పక్కనుండే 5 వాట్ల బల్బు మాడితే కరెంటు 3.9 నుంచి 3.5కు మాత్రమే దిగుతుంది. ఇంత చిన్న తేడాను చాలా ఫ్లాషర్లు లెక్కలోకి తీసుకోవు. కాబట్టి ఫెండర్ మీదిదో, సైడ్ అద్దం మీదిదో చిన్న బల్బు పోయిన సంగతి ఆ చప్పుడు మనకు ఎప్పటికీ చెప్పదు. మన పక్కనే సమానంగా వస్తున్న స్కూటరాయనకు సరిగ్గా కనిపించాల్సింది ఆ చిన్నదే. నెలకోసారైనా గోడ పక్కన బండి ఆపి, ఇండికేటర్ వేసి, చుట్టూ ఒక రౌండ్ తిరిగి రావడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

ఇదే లెక్కలో ఇంకో చిక్కుంది. దారిలో కారు బల్బు దొరక్కపోతే బైకు ఇండికేటర్ బల్బు పెట్టి పంపేస్తారు. బైకుది ఎక్కువగా 10 వాట్లది. హోల్డర్‌లో చక్కగా కూర్చుంటుంది, చక్కగా వెలుగుతుంది కూడా. కానీ కరెంటు సగమే తాగుతుంది. కొన్ని ఫ్లాషర్లు సర్దుకుపోతాయి, కొన్ని టకటక మొదలుపెడతాయి. కొత్త బల్బు వేసినా తగ్గలేదంటే ముందు ఆ కొత్త బల్బు మెడ మీద వాట్లెన్నో చదవండి. రంగు కూడా చూసుకోవాలి. పైన అద్దం తెల్లగా ఉండే లైట్లలో బల్బు గాజు నారింజ రంగులో ఉండాలి. నారింజ గాజు బల్బుకు పక్కనుండే రెండు బుడిపెలు సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, ఒకటి కాస్త జరిగి ఉంటుంది. తెల్ల గాజుదానికి ఎదురెదురుగా ఉంటాయి. కావాలనే అలా చేశారు, ఒకదాని హోల్డర్‌లో ఇంకోటి పట్టకూడదని. పట్టడం లేదని బలంగా నొక్కి తిప్పితే విరిగేది హోల్డర్.

బల్బును చూసి బాగుందో లేదో తేల్చడం కూడా అన్నిసార్లూ కుదరదు. తీగ తెగి ఉంటే, గాజు లోపల నల్లగా మసి పట్టి ఉంటే సరే. కొన్నిట్లో తీగ బాగానే ఉంటుంది, అడుగున ఉండే సీసం బొట్టు అరిగిపోయి హోల్డర్‌లోని స్ప్రింగు రేకును అందుకోదు. గుంతలో బండి పడ్డప్పుడు వెలిగి, సాఫీ రోడ్డు మీద ఆరిపోయే ఇండికేటర్లు కొన్ని ఈ బాపతువే.

నాలుగూ వేసి చూడు

“బావా, నాలుగు ఇండికేటర్లు ఏసి చూడు” అన్నాను. డాష్‌బోర్డు మీద ఎర్ర త్రిభుజం బొమ్మ ఉన్న బటన్ నొక్కాడు. నాలుగూ నింపాదిగా, మామూలు వేగంతో కొట్టుకున్నాయి.

చేతిలో పానా లేకుండా, ఒక్క స్క్రూ విప్పకుండా చేయగల పరీక్షల్లో దీన్ని మించింది లేదని నా నమ్మకం. హ్యాజర్డ్‌కు, అంటే నాలుగూ కలిపి వేసే ఈ బటన్‌కు, కరెంటు ఇగ్నిషన్‌తో పనిలేకుండా నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. చాలా కార్లలో దాని ఫ్యూజు కూడా వేరు. కాడతో దానికి సంబంధం లేదు. కానీ బల్బులు, వాటికి వెళ్లే వైర్లు, ఎర్త్ మాత్రం రెండింటికీ ఉమ్మడివే. రిలే ఉన్న కార్లలో ఎక్కువగా ఫ్లాషర్ కూడా ఉమ్మడిదే. ఏది ఉమ్మడో, ఏది వేరో తెలిస్తే తప్పు ఎక్కడుందో కూర్చున్నచోటే సగం తేలిపోతుంది.

ఇండికేటర్లూ రాక, నాలుగూ వేసినా రాకపోతే అనుమానం ఉమ్మడి భాగం మీదికి పోవాలి: ఫ్లాషర్, లేదా దానికి వచ్చే కరెంటు. నాలుగూ వేస్తే బాగా వెలిగి, కాడ తిప్పితే రెండువైపులా రాకపోతే ఫ్లాషర్ జోలికి వెళ్లకండి. అది బాగుందని అదే రుజువు చేసుకుంది. ఇగ్నిషన్ వైపు ఫ్యూజు చూడండి. నాలుగూ వేసినప్పుడు ఎడమవైపు కూడా వెలిగి, కాడతో మాత్రం ఎడమ వెలగకపోతే కాంబినేషన్ స్విచ్‌లో ఎడమ కాంటాక్టు అరిగినట్టు. ఎలా వేసినా ఒకవైపు చీకటే అయితే ఆ వైపు వైర్లలోనో, ఎర్త్‌లోనో ఉంది సంగతి.

మా విషయంలో నాలుగూ వేస్తే 94 వాట్లు, దాదాపు 8 ఆంపియర్లు, ఆ రిలే గుండా పోతున్నాయి. అంత మోసే రిలే ఎడమవైపు 4 ఆంపియర్లకు చతికిలపడదు. నాలుగూ వేసినప్పుడు పరుగు ఎందుకు లేదంటే, మొత్తం కరెంటు ఎలాగూ హద్దుకు చాలా పైనే ఉంటుంది. ఒకవైపు కొంచెం తగ్గినా ఫ్లాషర్‌కు తెలియదు. కాబట్టి జబ్బు మూలం కుడివైపులో లేదు, రిలేలో లేదు. ఎడమవైపు ఎక్కడో ఉంది.

హ్యాజర్డ్ బటన్‌తో ఇంకో రహస్యం ఉంది. చాలా పాత కార్లలో మామూలు ఇండికేటర్‌కు వెళ్లే కరెంటు కూడా ఆ బటన్ లోపలి కాంటాక్టుల గుండానే పోతుంది. బటన్ నొక్కితే ఒక దారి మూసి ఇంకో దారి తెరుస్తుంది. ఏడాది పొడవునా దాన్ని నొక్కనివాళ్లకు లోపల చిలుము పట్టి, ఒకరోజు హఠాత్తుగా రెండువైపులా ఇండికేటర్లు ఆగిపోతాయి. ఆ బటన్‌ను గబగబా పదిసార్లు నొక్కి వదిలితే చిలుము రాలి తిరిగొస్తాయి. తిరిగొచ్చాయంటే జబ్బు ఎక్కడో తెలిసినట్టే, ఇక ఆ బటన్ మార్చుకోవచ్చు.

అదే బటన్‌ను అతిగా వాడేవాళ్లు ఇంకో రకం. వానాకాలం ఎన్‌హెచ్ 65 మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా చూడండి, చినుకు పడితే చాలు నాలుగూ వేసుకుని పోతుంటారు. కొందరు నాలుగు రోడ్ల కూడలిలో 'నేరుగా పోతున్నా' అని చెప్పడానికి వేస్తారు. చాలా కార్లలో హ్యాజర్డ్ నడుస్తున్నంతసేపూ కాడ తిప్పినా ఇండికేటర్ రాదు. ఎడమకు మళ్లుతున్నామని వెనకవాడికి చెప్పే అవకాశం అక్కడితో పోయింది.

ఫ్యూజు, సిగరెట్ కాగితం

ఫ్యూజు గురించి పెద్దగా చెప్పాల్సిందేం లేదు. రంగు చూస్తే ఎంతదో తెలుస్తుంది: 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు. మూత వెనక బొమ్మ చూసి తీయడం, తెగితే అదే రంగుది పెట్టడం. కొత్తదీ వెంటనే తెగిందంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. అప్పుడు పెద్ద ఫ్యూజు పెట్టడం, సిగరెట్ పెట్టెలో మెరిసే కాగితం చుట్టి తోయడం రెండూ ఒకటే. ఫ్యూజు బదులు వైరు మాడుతుంది, ఆ వైరుతో పాటు పక్కనున్న పది వైర్లు.

షార్ట్ ఎక్కడుందో వెతకడానికి పాత ఎలక్ట్రీషియన్ల చిట్కా ఒకటి నాకు చాలా ఇష్టం. తెగిన ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి పెట్టాలి. షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటును రెండు ఆంపియర్ల లోపే ఆపుతుంది కాబట్టి ఏదీ మాడదు. ఇక డిక్కీ పక్కన, డోరు కింద, బానెట్ లోపల వైరు కట్టలను ఒక్కోదాన్ని కదిలిస్తూ పోవాలి. ఎక్కడ కదిపితే ఆ బల్బు మసకబారుతుందో అక్కడే గాయం. పది ఫ్యూజులు తగలేసే కన్నా ఇది నయం.

మన దగ్గర ఆ గాయం ఎక్కువగా చేసేది ఎలుక. వడ్ల బస్తాల పక్కన, గడ్డివాము నీడలో నాలుగు రోజులు ఆపిన కారుకు బానెట్ కింద ఇల్లు కట్టుకునేవాళ్లు తయారు. తరవాతి స్థానం అదనపు ఫిట్టింగులది. సెంట్రల్ లాకింగ్ కిట్టు పెట్టేటప్పుడు రిమోట్ నొక్కితే లైట్లు మెరవాలని ఇండికేటర్ వైర్లకే కలుపుతారు. పద్ధతిగా సోల్డరింగ్ చేస్తే పర్వాలేదు. వైరు ఒలిచి, మెలితిప్పి, టేపు చుట్టి వదిలేస్తే రెండు ఎండాకాలాలు దాటేసరికి టేపు బంక కారి జారిపోతుంది. పాలమూరు మే నెల ఎండలో అద్దాలు మూసి ఆపిన కారు లోపల ఎంత వేడి ఉంటుందో కూర్చుని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఎర్ర లైటు చెప్పిన సాక్ష్యం

కల్వకుర్తి టీ కొట్టు దగ్గరికి వద్దాం. మధ్యాహ్నం ఎండలో బల్బు వెలుగుతోందా లేదా అన్నది కనబడుతుంది, ఎంత వెలుగుతోందో కనబడదు. బండిని కొట్టు పక్కన చింతచెట్టు నీడకు తెప్పించి, పార్కింగ్ లైట్లు వేయించి, నాలుగు ఇండికేటర్లూ వేయించి వెనక నిలబడ్డాను. కుడివైపు నారింజ బల్బు భగ్గుమంటోంది. ఎడమది సన్నగా, ముసలి దీపంలా. దాని పక్కనే ఎర్ర లైటు స్థిరంగా ఉండాల్సింది పోయి ఇండికేటర్‌తో పాటు ఊగుతోంది, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ.

ఈ గుర్తు కనిపిస్తే ఇక వేరే దేని మీదా అనుమానం అక్కర్లేదు, ఎర్త్ బలహీనమైనట్టే. వెనక లైటు డబ్బాలో ఇండికేటర్, బ్రేకు, పార్కింగ్, రివర్స్ అన్నిటికీ తిరుగుదారి చాలా కార్లలో ఒక్కటే వైరు. దాని బోల్టు దగ్గర తుప్పు పట్టినా, హోల్డర్ రేకుకు చిలుము పట్టినా కరెంటు తన దారి తాను వెతుక్కుంటుంది. పార్కింగ్ లైట్లు ఆపి ఉంటే పక్కనున్న ఎర్ర బల్బు తీగలోంచి తిరగబడి, ఆ వైరు వెంట అవతలి వైపు లైటుదాకా పోయి అక్కడి మంచి ఎర్త్‌లో దిగుతుంది. ఒక ఇంటి మోరీ మూసుకుపోతే నీళ్లు పక్కింటి వాకిట్లోంచి పారినట్టు. పార్కింగ్ లైట్లు వేసి ఉంటే రెండు బల్బుల కరెంటూ ఆ ఇరుకు దారికే పోటీ పడుతుంది, అందుకే సంబంధం లేని ఎర్ర లైటు ఇండికేటర్ తాళానికి ఊగుతుంది. దారి కష్టమైంది కాబట్టి పోయే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గింది కాబట్టి ఫ్లాషర్ 'బల్బు పోయింది' అనుకుని పరుగు పెడుతుంది. మూడు బల్బులూ వెలుగుతూ టకటక రావడం వెనక ఉన్న కథ ఇది.

పరీక్ష సులువు. డిక్కీలో పాత స్పీకర్ వైరు ముక్క దొరికింది. రెండు కొసలూ ఒలిచి, ఒకటి హోల్డర్ ఎర్త్ రేకుకు, ఇంకోటి డిక్కీ తాళం దగ్గర రంగు లేకుండా మెరుస్తున్న బోల్టుకు ఆనించాను. టకటకటక... టక్... టక్... టక్. బావ లోపల్నుంచి “ఏం జేసినవ్‌రా?” అని కేకేశాడు. వైరు తీశాను, మళ్లీ పరుగు. పెట్టాను, మళ్లీ నింపాది.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు ఇంకా తేటగా చూడొచ్చు. ఇండికేటర్ వెలుగుతున్నప్పుడు హోల్డర్ ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజీ కొలవాలి. 0.2 వోల్టులు దాటకూడదు. ఒక వోల్టు కనిపించిందంటే ఆ వోల్టు బల్బుకు అందాల్సింది, తుప్పు తినేస్తోంది. ఇది చూసే ముందు బ్యాటరీ కూడా చూడండి. ఇంజిను ఆపి ఉంటే 12.6 దగ్గర, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. బ్యాటరీ దిగితే అన్ని లైట్లూ కలిసే మసకబారతాయి, ఒకవైపు మాత్రమే కాదు.

పెళ్లికి ఆలస్యమవుతోందని అప్పటికి వైరు ముక్కనే గట్టిగా చుట్టి బయలుదేరాం. జడ్చర్ల దాకా ఒక్కసారి కూడా పరుగు పెట్టలేదు.

తిరిగొచ్చాక మిర్యాలగూడలో లైటు డబ్బా విప్పితే లోపల ఊక దుమ్ము వేలు మందాన ఉంది. బావ బండి ఆపేది మిల్లు ఆవరణలో. లైటు వెనక రబ్బరు వాషరు చీలి, ఆ సందులోంచి దుమ్ము, బండి కడిగిన ప్రతిసారీ బోరు నీళ్లు లోపలికి పోయాయి. దుమ్ము తడి పట్టి ఉంచింది, ఆ తడి ఇత్తడి రేకు మీద పచ్చటి చిలుము పేర్చింది. మిల్లుల్లేని ఊళ్లో అదే పని వేపాకు చేస్తుంది. చెట్టు కింద ఆపిన కారులో అద్దం కింది జాలీలో ఆకులు పేరుకుని, వాన నీళ్లు పోయే దారి మూసుకుని లోపలి వైర్ల మీదికి దిగుతాయి.

ఎమెరీ కాగితంతో రేకు తోమి, బోల్టు కింద రంగు గీకి, బిగించి, పైన కాస్త గ్రీజు పూశాం. కొత్త వాషరుతో సహా గంట పని.

ఎల్‌ఈడీ మోజు, కొత్త కార్ల తీరు

బల్బులన్నీ బాగుండి, ఎర్త్ బాగుండి కూడా టకటక వస్తే ఎవరైనా ఈమధ్య ఎల్‌ఈడీ బల్బులు వేశారేమో అడగండి. 21 వాట్ల బల్బు స్థానంలో వచ్చే ఎల్‌ఈడీ నాలుగైదు వాట్లు కూడా తాగదు. తక్కువ తాగడం దాని గొప్పతనమే, కానీ ఫ్లాషర్ లెక్కలో అది మాడిన బల్బు కిందే జమ. షాపులో దీనికి 6 ఓమ్‌లు, 50 వాట్ల రెసిస్టర్ తగిలిస్తారు. అంటే ఎల్‌ఈడీ ఆదా చేసిన కరెంటంతా వేడి చేసి పారబోయడానికి ఇంకో వస్తువు కొన్నామన్నమాట. ఆ రెసిస్టర్ చేయి కాలేంత వేడెక్కుతుంది. ప్లాస్టిక్‌కో, వైరు కట్టకో ఆనించి టేపు చుడితే కరిగిపోతుంది, రేకుకే బిగించాలి. రిలే విడిగా ఉన్న కారైతే ఎల్‌ఈడీకి సరిపడే ఫ్లాషర్ దొరుకుతుంది. రిలే మార్చడానికి న్యాయమైన కారణం నాకు తెలిసి ఇదొక్కటి, అది నిజంగా చచ్చిపోవడం ఇంకోటి. పిన్నుల గుర్తులు చూసి కొనాలి: 49 అంటే వచ్చే కరెంటు, 49ఏ అంటే బల్బులకు పోయేది, 31 అంటే ఎర్త్. కొన్నిటి మీద బీ, ఎల్, ఈ అని ఉంటుంది. స్థానాలు తారుమారైతే కొత్త రిలే కూడా పని చేయదు.

కొత్త కార్లలో చాలావాటికి విడిగా రిలేనే ఉండదు. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే పెట్టె, మెకానిక్కులు బీసీఎం అనేది, బల్బులను తానే వెలిగించి ఆర్పుతుంది. మనకు వినిపించే టక్ టక్ చిన్న స్పీకర్ చేసే అనుకరణ. ఎర్త్, బల్బు, వాట్ల లెక్క వీటికీ వర్తిస్తాయి, కానీ పాత పద్ధతిలో ఎక్కడపడితే అక్కడ టెస్ట్ ల్యాంపు గుచ్చితే ఆ పెట్టెకే దెబ్బ. మల్టీమీటరో, స్కానరో వాడాలి. దాని ఖరీదు రిలేలాంటిది కాదు, ఊహించి మార్చే వస్తువు అసలే కాదు.

కాడ గురించి ఒక్క మాట. మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రాకపోతే అది కరెంటు సమస్య కాదు, స్టీరింగ్ లోపలి ప్లాస్టిక్ పన్ను విరిగినట్టు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగును ఇంట్లో విప్పకండి. ఇక మారుతి, హ్యుందాయ్ నడిపి అలవాటైన వాళ్లు స్కోడానో, ఫోక్స్‌వ్యాగనో ఎక్కి ఇండికేటర్ పని చేయట్లేదని, వైపర్లు వాటంతట అవే తిరుగుతున్నాయని అంటే కంగారుపడక్కర్లేదు. వాటిలో ఇండికేటర్ కాడ ఎడమ చేతికి ఉంటుంది.

రెండు రిలేలు

మిగిలింది బావ అడిగిన ప్రశ్న: “మరి రిలే మారిస్తే నాలుగు రోజులు మంచిగనే నడిచె గద?”

నడిచింది నిజమే. కానీ ఆ రోజు షాపులో రిలే ఒక్కటే మార్చలేదు. అంతకుముందు బల్బు చూద్దామని వెనక లైటు డబ్బా తీశారు, బల్బు నొక్కి తిప్పి తీసి, మళ్లీ పెట్టారు. ఆ రాపిడికి చిలుము కాస్త గీరుకుపోయి రేకు బల్బును అందుకుంది. ఆపైన రిలే మార్చారు. నయమైంది ఒకచోట, పేరొచ్చింది ఇంకోదానికి. వదులైన కాంటాక్టులన్నిటితో ఉన్న పేచీ ఇదే. చివరగా ఏది ముట్టుకుంటే అదే మందులా కనబడుతుంది. షాపు వాళ్లు మోసం చేశారని నేననుకోను, వాళ్లూ అదే నమ్మి ఉంటారు. ఒక్క పనిచేసి, ఇండికేటర్ వేసి చూసి, ఆ తరవాతే రెండో పనికి వెళ్లి ఉంటే తేలిపోయేది.

తీసేసిన పాత రిలే గ్లౌ బాక్సులో కాగితాల కింద ఉంది. తీసి మళ్లీ దాని స్థానంలో పెట్టాను. ఎడమకు వేశాను, కుడికి వేశాను, నాలుగూ వేశాను. పావు నిమిషానికి 21 సార్లు. బావ కొత్తదాన్ని గుడ్డలో చుట్టి గ్లౌ బాక్సులో పెట్టుకున్నాడు.